పెద్ద టీవీ కంటే ముందు దాని పెట్టెలను దాచండి

ప్రశ్న: మేము మియాపూర్‌లో సొంత ఫ్లాటులో ఉంటున్నాము. హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. 12 అడుగుల గోడకు రెండేళ్ల క్రితం 65 అంగుళాల టీవీ బిగించాము. దాని కింద బల్ల మీద సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బార్, మా అబ్బాయి గేమింగ్ కన్సోల్, ఇంటర్నెట్ రౌటర్, దానికో చిన్న యూపీఎస్, వీటన్నిటి తీగలు ఉంటాయి. ఇంట్లోకి అడుగు పెట్టినవారికి మొదట కనబడేది ఆ నల్లటి తెరే. దసరాకు బొమ్మల కొలువు పెట్టినప్పుడు పేరంటానికి వచ్చినవారు ఆ తీగల ఎదుట కూర్చోవలసి రావడం నాకు చాలా ఇబ్బందిగా ఉంటోంది. మా కార్పెంటర్ టీవీ మోటారుతో పైకి లేచే పెట్టె చేస్తానంటున్నాడు. ఇంటీరియర్ దుకాణంవారు దీన్ని అమ్మేసి, గోడకు తగిలించిన పటంలా కనిపించే టీవీ కొనమంటున్నారు. మావారు పెట్టెలన్నీ అటక మీదికి ఎక్కించి, టీవీని మాత్రం ముట్టుకోవద్దంటున్నారు. మా అత్తగారు మధ్యాహ్నం, సాయంత్రం సీరియళ్లు చూస్తారు. ఆమెకు చేతివేళ్ల కీళ్లనొప్పులు ఉన్నాయి. తలుపులు పెడితే రిమోట్ పనిచేస్తుందా, వేడికి ఏదైనా పాడవుతుందా అన్న సందేహాలు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది మీ అత్తగారి వేళ్ల సంగతి. రోజుకు నాలుగైదు గంటలు నడిచే టీవీకి బరువైన తలుపులు బిగిస్తే, వాటిని తీసి వేసే ఓపిక నెల తిరగకుండానే ఇంట్లో అందరికీ పోతుంది. ఆ తరువాత అవి పండుగనాడు మూసుకొని, మిగతా ఏడాదంతా బార్లా తెరిచే ఉంటాయి. అందువల్ల ఎవరు ఏ ఏర్పాటు సూచించినా, దాన్ని మీ అత్తగారు ఒక చేత్తో, వంగకుండా, ఎవరినీ పిలవకుండా తెరవగలరా అని ముందుగా అడగండి. తెరవలేరనుకుంటే అది ఎంత అందంగా ఉన్నా మీ ఇంటికి పనికిరాదు.

ఇక మీకు ఇబ్బంది కలిగిస్తున్నవి నిజానికి రెండు వేరువేరు వస్తువులు. తెర ఒకటి, దాని కింద ఉన్న పెట్టెలూ తీగలూ మరొకటి. ఆపివేసిన తెర నల్లగా ఉన్నప్పటికీ దానికంటూ ఒక తీరైన ఆకారం ఉంటుంది. చూపును ఎక్కువగా చికాకుపెట్టేవి ఒక్కో ఎత్తులో ఉన్న ఆ నాలుగైదు పెట్టెలు, వాటి మినుకుమినుకు దీపాలు, గోడ మీద వేలాడే తీగలు. పెట్టెలను దాచడానికి ఖర్చు తక్కువ, ఇబ్బంది తక్కువ, ఫలితం మాత్రం ఎక్కువ. కాబట్టి మీవారి మాటలో సగం న్యాయముందని ఒప్పుకోవాలి. అటక సంగతి మాత్రం మానుకోమనండి. వేడిగాలి పైకి చేరుతుంది గనుక మే నెల హైదరాబాద్‌లో గది మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు అదే. పైగా కన్సోల్‌లో డిస్కు మార్చాలన్నా, మొరాయించిన సెట్‌టాప్ బాక్సును ఒకసారి ఆపి మళ్లీ వేయాలన్నా ప్రతిసారీ నిచ్చెన వెతుక్కోవలసి వస్తుంది.

కార్పెంటర్ చెప్పిన మోటారు పెట్టె చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, అయితే కొలతలు వేసి చూస్తే అది మీ హాలుకు నప్పదని తెలుస్తుంది. 65 అంగుళాల టీవీ సుమారు 145 సెం.మీ. వెడల్పు, 83 సెం.మీ. ఎత్తు ఉంటుంది. అంత తెర పూర్తిగా లోపలికి దిగాలంటే, కింద ఉండే మోటారు భాగంతో కలిపి పెట్టె దాదాపు ఒక మీటరు ఎత్తు ఉండాలి. తెర పైకి లేచినప్పుడు దాని కింది అంచు మీటరు ఎత్తున, మధ్యభాగం 140 సెం.మీ. ఎత్తున నిలుస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి 100 మొదలు 110 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. అంటే సీరియల్ చూసినంతసేపూ మీ అత్తగారు మెడ ఎత్తి కూర్చోవాలి. ఇక మోటారు పనిచేయని రోజున టీవీ లోపలే ఉండిపోతుంది, దానితోపాటు ఇంట్లో ప్రశాంతత కూడా.

ఇంటీరియర్ దుకాణంవారు చెప్పినది పటం టీవీల గురించి. ఈ తరహాను బాగా ప్రచారంలోకి తెచ్చింది 2017లో వచ్చిన శామ్‌సంగ్ వారి 'ద ఫ్రేమ్'. టీవీ చూడనప్పుడు తెర మీద ఒక చిత్రం నిలుస్తుంది, చుట్టూ చెక్కరంగు చట్రం ఉంటుంది, ఇటీవలి నమూనాలలో తెరకు మెరుపు లేని పూత కూడా ఉండటం వల్ల దూరం నుంచి నిజంగానే పటమనిపిస్తుంది. ఇది మంచి వస్తువే. అయితే చిత్రం కనబడుతున్నంతసేపూ తెర వెలుగుతూ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, మీ సెట్‌టాప్ బాక్సు, కన్సోల్, రౌటర్ ఎక్కడివక్కడే ఉంటాయి, రెండేళ్ల టీవీని అమ్మితే చేతికి వచ్చేది కూడా అంతంతమాత్రమే. ఇప్పుడున్న టీవీ ఆయుష్షు తీరిన తరువాత ఈ ఆలోచన చేయండి. తెరే చుట్టుకొని పెట్టెలోకి పోయే టీవీని ఎల్‌జీ 2019లో ప్రదర్శించింది గాని, దాని ధర మధ్యతరగతి హాలు గురించిన చర్చలోకి వచ్చేది కాదు. ప్రొజెక్టరు మాటెత్తవలసిన అవసరమే లేదు. మధ్యాహ్నం కిటికీ వెలుతురులో సీరియల్ చూసే ఇంట్లో దానివల్ల ప్రయోజనం ఉండదు.

ఇక మిగిలినవి తలుపులు. టీవీకి తలుపులు వేయడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఆ తరువాత మన ఇళ్లలోకి వచ్చిన టీవీలలో చాలావాటికి చెక్క పెట్టె, దానికి పక్కలకు జరిగే షట్టరు, కొన్నింటికి తాళం కూడా ఉండేవి. అప్పటి టీవీలకు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ; అందువల్ల షట్టరు జరిగి పెట్టె పక్కభాగంలోకి సులభంగా ఇమిడిపోయేది. ఇప్పటి టీవీలకు లోతు లేదు, వెడల్పు మాత్రం మనిషి నిలువు దగ్గరికి వచ్చింది. మామూలు కబ్జాలతో తలుపులు వేస్తే ఒక్కొక్క రెక్క 75 సెం.మీ.కు పైగా హాలులోకి పొడుచుకొని వస్తుంది, పక్కన కూర్చున్నవారికి తెర కనబడదు. తెరిచిన తలుపులు పక్క జేబుల్లోకి జారిపోయే పద్ధతికి తలుపు వెడల్పంత లోతు కావాలి. అరమీటరు లోతైనా లేని చోట అది కుదరదు. మడత తలుపులు కొంత నయం, అయినా వాటికి కబ్జాలు ఎక్కువ, కబ్జాలు ఎక్కువైన కొద్దీ జారడాలు, కిర్రుమనడాలు ఎక్కువ.

మీకు నేను సూచించేది పై పట్టాకు వేలాడుతూ గోడ వెంబడి రెండు పక్కలకు జరిగే రెండు పలకలు. దీనికి గోడ పొడవు సరిపోవాలి, మీకు సరిపోతుంది. 12 అడుగులంటే 366 సెం.మీ. మధ్యలో 175 సెం.మీ. ఖాళీ వదిలి, ఒక్కొక్కటి 90 సెం.మీ. వెడల్పుతో రెండు పలకలు చేయిస్తే, మూసినప్పుడు అవి ఆ ఖాళీని మూసి అంచులు కొద్దిగా దాటుతాయి, తెరిచినప్పుడు మొత్తం 355 సెం.మీ.లో ఇమిడిపోతాయి. 145 సెం.మీ. టీవీకి 175 ఎందుకని కార్పెంటర్ అడుగుతాడు. ఈ టీవీ పోయాక మీవారు 65 అంగుళాలతో ఆగుతారని నాకు నమ్మకం లేదు. 75 అంగుళాల టీవీ సుమారు 167 సెం.మీ. వెడల్పు, 96 సెం.మీ. ఎత్తు ఉంటుంది. ఇప్పుడు 155 సెం.మీ.తో సరిపెడితే అప్పుడు మొత్తం పీకి మళ్లీ చేయించుకోవలసి వస్తుంది. ఈలోగా టీవీకి అటూ ఇటూ మిగిలే 15 సెం.మీ. ఖాళీ గాలి ఆడటానికి పనికివస్తుంది.

ఎత్తు విషయానికి వస్తే, తెర మధ్యభాగం నేల నుంచి 110 సెం.మీ. దగ్గర ఉండేలా బిగించండి. అప్పుడు టీవీ కింది అంచు 68, పై అంచు 151 సెం.మీ. దగ్గరకు వస్తాయి. పలకలు 55 నుంచి 165 సెం.మీ. వరకు, అంటే 110 సెం.మీ. ఎత్తు ఉంటే చాలు. నేల నుంచి పైకప్పు దాకా పలకలు వేస్తే గోడలాగే కనిపిస్తాయని ఇంటీరియర్‌వారు చెప్పవచ్చు, అది నిజమే. కానీ రెండు వైపులా లామినేట్ అతికించిన 18 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకు దాదాపు 14 కిలోలు తూగుతుంది. మీ అత్తగారు రోజుకు రెండుసార్లు జరపవలసిన వస్తువును అంత బరువుగా చేయించడం నాకు ఇష్టం లేదు. 110 సెం.మీ. పలకైనా మొత్తం ప్లైవుడ్‌తో చేస్తే ఒక్కొక్కటి 14 కిలోలు అవుతుంది. దానికి బదులు బాగా ఆరిన టేకుతో ఒక చట్రం చేయించి, మధ్యలో ఒక అడ్డపట్టీ వేయించి, దాని మీద గట్టి చేనేత బట్టను బిగించి కట్టిస్తే బరువు సగానికి పైగా తగ్గుతుంది. గాలి కూడా కొంతవరకు ఆడుతుంది.

ఈ బట్ట ఎంపికలో మీకు మంచి వెసులుబాటు ఉంది. పోచంపల్లి ఇక్కత్ మన ఊరికి దగ్గరలోనే నేస్తారు, దాని నలుపలకల డిజైన్లు ఇలాంటి చట్రాలకు చక్కగా ఒదుగుతాయి. మీటర్లలో అమ్మే బట్ట సాధారణంగా 44 అంగుళాల పన్నాతో, అంటే 112 సెం.మీ. వెడల్పుతో వస్తుంది, 90 సెం.మీ. చట్రానికి అటూ ఇటూ 11 సెం.మీ. చొప్పున వెనక్కి మడిచి బిగించవచ్చు, ఎక్కడా అతుకు పడదు. రెండు పలకలకూ ఒకే తాను నుంచి ముక్కలు తీసుకొని, మధ్యలో కలిసే చోట డిజైను గీతలు ఒకే ఎత్తున కలిసేలా చూడమని ముందే చెప్పండి. ఇది కత్తెర పడక ముందు చెప్పవలసిన మాట. తెర నలుపు బయటికి కనబడకుండా వెనక ముదురురంగు లైనింగు వేయించండి. బట్టను మేకులతో శాశ్వతంగా కొట్టకుండా వెల్క్రో పట్టీతో అతికిస్తే, ఏడాదికోసారి తీసి ఉతికించుకోవచ్చు. నేరుగా ఎండ పడే గోడ అయితే రంగు వెలుస్తుంది, ఆ సంగతి గమనించుకోండి.

బట్ట వద్దు, బొమ్మలు కావాలి అనుకుంటే నిర్మల్ చిత్రాలను చెక్క పలకల మీదే వేస్తారు గనుక అవి దీనికి సహజంగా పనికివస్తాయి, బరువు మాత్రం కొంత పెరుగుతుంది. చేర్యాల పటాన్ని చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసిన బట్ట మీద వేస్తారు. దాన్ని రోజూ జరిగే పలకకు బిగించడం కంటే కదలని గోడకు తగిలించడమే ఆ పటానికి మర్యాద. ఏ బొమ్మ వేయించినా ఒక్క జాగ్రత్త తీసుకోండి: రెండు పలకలు విడిపోయే గీత దేవతామూర్తి ముఖం మీదుగా పోకూడదు. చెట్టుమాను దగ్గరో, రెండు బొమ్మల నడుమ ఖాళీలోనో ఆ గీత పడేలా చిత్రకారుడికి ముందే కొలతలివ్వాలి. లేకపోతే సీరియల్ మొదలైన ప్రతిసారీ అమ్మవారు రెండుగా చీలడం చూడవలసి వస్తుంది.

పట్టాల విషయంలో పిసినారితనం పనికిరాదు. పలక బరువుకు కనీసం రెండింతలు మోయగల పట్టా తీసుకోండి. ఒక పలకను జరిపితే రెండోది తానే ఎదురు దిక్కుకు జరిగేలా బెల్టుతో కలిపే సామాను దొరుకుతుంది. మీ అత్తగారి కోసం దాన్ని తప్పక వేయించమంటాను. చివర్లో మెత్తగా ఆగే సాఫ్ట్‌క్లోజ్ మాత్రం ఆలోచించి పెట్టించండి, ఎందుకంటే మూసిన పలకను తిరిగి కదిలించేటప్పుడు మొదటి లాగుడుకు అది కొంత ఎక్కువ బలం అడుగుతుంది. చిన్న గుండు పిడులు వద్దు. వేళ్లు ముడవకుండా అరచేతితోనే నెట్టగలిగేలా పలక పొడవునా ఒక నిలువు చెక్కపట్టీ పెట్టించండి. పట్టాను టీవీ నెత్తిమీద ఆనించి బిగించనివ్వవద్దు. చాలా టీవీలను బ్రాకెట్టు నుంచి తీయడానికి రెండు మూడు అంగుళాలు పైకి ఎత్తాలి. ఆ ఖాళీ లేకపోతే మరమ్మతుకు వచ్చినవారు ముందు మీ వడ్రంగి పనిని విప్పుతారు.

ఇప్పుడు గోడ సంగతి. అపార్టుమెంట్లలో గదుల మధ్య గోడలు సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు. తీగలు దాచడానికి అందులో గాడి కొట్టి రెండంగుళాల పైపు వేస్తామని ఎలక్ట్రీషియన్ చెబుతాడు. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడోవంతు, అడ్డగాడి లోతు ఆరోవంతు మించకూడదన్నది కట్టడాల విషయంలో పాటించే నియమం. నాలుగున్నర అంగుళాల గోడలో మూడోవంతంటే ఒకటిన్నర అంగుళం. రెండంగుళాల పైపు అందులో పట్టదు. అంగుళం పైపు వేస్తే, పెట్టెల నుంచి టీవీకి బొమ్మ, శబ్దం తెచ్చే హెచ్‌డీఎంఐ తీగ మొన దాదాపు 2 సెం.మీ. వెడల్పుంటుంది కాబట్టి వంపు దగ్గర ఇరుక్కుంటుంది. మీది కొత్తరకం కట్టడమై, గోడలు ఇటుకతో కాక కాంక్రీటుతో పోసినవైతే గాడి మాటే ఎత్తవద్దు, ఆ గోడలు భవనం బరువును మోస్తుంటాయి.

దీనికి మార్గం గోడను కొట్టకుండా గోడ ముందుకు రావడం. గోడకు చెక్క రన్నర్లు, అంటే బద్దెలు, కొట్టి, వాటి మీద ప్లైవుడ్ పరిచి, రెండింటి నడుమ 6 సెం.మీ. బోలు వదిలితే తీగలన్నీ ఆ బోలులోంచి దిగిపోతాయి. పలకలు జరగాలంటే పట్టాను ఎలాగూ గోడ నుంచి ముందుకు తేవలసి ఉంది గనుక ఈ పని అదనపు భారం కాదు. లెక్క వేస్తే, బోలు, ప్లైవుడ్ కలిపి 8, బ్రాకెట్టుతో టీవీ 10, మధ్య ఖాళీ, పలక కలిపి 4 లేదా 5, అంతా కలిసి సుమారు 23 సెం.మీ., అంటే 9 అంగుళాలు. 18 అడుగుల హాలులో అది పోయినా తెలియదు. టీవీ బ్రాకెట్టు బోల్టులు మాత్రం ప్లైవుడ్‌ను దాటి ఇటుకలోకి దిగాలి. 20 కిలోల పైచిలుకు బరువును ఒట్టి ప్లైవుడ్‌కు వేలాడదీయకూడదు. బోల్టు పడే చోట ప్లైవుడ్ లోపలికి నొక్కుకుపోకుండా వెనక చెక్క దిమ్మ పెట్టించాలి. బోలు మూసేముందు ప్రతి తీగనూ తగిలించి, టీవీ వేసి, బొమ్మ, శబ్దం రెండూ సరిగ్గా వస్తున్నాయో చూడండి. భవిష్యత్తులో కొత్త తీగ లాగడానికి ఒక నైలాన్ తాడును అందులోనే వదిలి, ప్లైవుడ్‌లో ఒక ముక్కను మరలతో ఊడదీసేలా ఉంచండి. కరెంటు తీగలు ఒక పైపులో, బొమ్మ శబ్దాల తీగలు మరో పైపులో పోవాలి. టీవీతో వచ్చిన ప్లగ్గు తీగను బోలులో వదలకుండా, టీవీ వెనకే సాకెట్టు పెట్టించి, అక్కడిదాకా ఇంటి వైరింగునే తీసుకురావాలి.

పెట్టెలకు టీవీ కింద 45 సెం.మీ. ఎత్తు, 45 సెం.మీ. లోతుతో గోడ పొడవునా ఒక పొట్టి అల్మారా చేయించండి. సౌండ్‌బార్‌ను లోపల దాచవద్దు, అల్మారా నెత్తిన తెర కింద ఉండనివ్వండి. పైకి శబ్దం పంపే రకమైతే దాని మీద ఏ అడ్డమూ ఉండకూడదు. మిగిలినవన్నీ లోపలికి. అల్మారా తలుపులకు ప్లైవుడ్‌కు బదులు పేము అల్లిక వేయించమని నా సలహా. మన పాత కుర్చీలకు ఉండే ఆ అల్లికలోంచి గాలి ఆడుతుంది, రౌటర్ సిగ్నలుకు అడ్డు ఉండదు, లోపలి పెట్టెలు మాత్రం బయటికి స్పష్టంగా కనబడవు. ఇప్పటి వాడుకలో ఉన్న అద్దపు తలుపులు, లోహపు మెరుపు లామినేట్లు రౌటర్ ఉన్న అల్మారాకు తగవు. అద్దం వెనక ఉండే లోహపు పూత సిగ్నలును అడ్డుకుంటుంది, ఆ తరువాత పడకగదిలో ఇంటర్నెట్ రావడం లేదని కంపెనీవారితో పోట్లాడటమే మిగులుతుంది.

వేడి గురించి మీ భయం సరైనదే, అయితే భయపడవలసింది టీవీ విషయంలో కాదు. టీవీ నడిచేటప్పుడు పలకలు తెరిచే ఉంటాయి గనుక దానికి ముప్పు లేదు. అసలు వేడి కన్సోల్‌ది. ఇప్పటి పెద్ద కన్సోళ్లు ఆట నడుస్తున్నప్పుడు 200 వాట్ల దాకా తీసుకుంటాయి, ఆ విద్యుత్తు మొత్తం చివరికి వేడిగానే బయటికి వస్తుంది. సెట్‌టాప్ బాక్సు, రౌటర్, యూపీఎస్ కలిస్తే అల్మారాలో నాలుగు పాతకాలపు 60 వాట్ల బల్బులు వెలుగుతున్నంత వేడి ఉంటుంది. ఇలాంటి పరికరాలను చాలావరకు 40 డిగ్రీల లోపు వాతావరణానికి ఉద్దేశించి తయారు చేస్తారు. మన ఊళ్లో మే నెలలో బయట ఎండే 40 దాటుతుంది, ఏసీ వేయని హాలులో మూసిన చెక్కపెట్టె లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి అల్మారా అడుగున ముందువైపు ఒక సందు, వెనక పైభాగాన మరొక సందు ఉంచితే చల్లగాలి కిందినుంచి వచ్చి వేడిగాలి పైనుంచి పోతుంది. కన్సోల్ ఉన్న అరకు వెనక చప్పుడు చేయని 12 సెం.మీ. ఫ్యాను ఒకటి పెట్టించండి. ఏ పెట్టె మీదా మరో పెట్టెను పేర్చవద్దు, ప్రతిదాని నెత్తిన కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండాలి. అబ్బాయి ఆడేటప్పుడు ఆ ఒక్క తలుపు తెరిచి ఆడుకోమనండి. వెచ్చని చోటంటే బొద్దింకలకు మహా ఇష్టం గనుక సందులన్నిటికీ నైలాన్ జాలీ కొట్టించి, పేరుకున్న దుమ్మును నెలకోసారి బ్రష్షుతో దులపండి. జాలీ మూసుకుపోతే సందు ఉండీ లేనట్టే.

రిమోట్ విషయంలో కంగారు అక్కరలేదు. టీవీ ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. టీవీకి తగిలించే కొత్త స్ట్రీమింగ్ స్టిక్కులు, కన్సోళ్ల రిమోట్లు బ్లూటూత్‌తో నడుస్తాయి, వాటికి చెక్క అడ్డు కాదు. ఇబ్బంది ఉంటే సెట్‌టాప్ బాక్సుతోనే, ఎందుకంటే చాలావాటి రిమోట్లు కంటికి కనబడని పరారుణ కాంతితో పనిచేస్తాయి, అది చెక్కలోంచి పోదు. పేము అల్లికలోంచి చాలావరకు పోతుంది. అల్లిక ముక్కను దుకాణం నుంచి తెచ్చి, బాక్సు ముందు అడ్డంగా పట్టుకొని సోఫాలోంచి ఒకసారి నొక్కి చూస్తే తేలిపోతుంది. పోకపోతే ఐఆర్ రిపీటర్ అని దొరుకుతుంది: దాని చిన్న కన్నును టీవీ కింది అంచుకు అతికించి, రెండో మొనను బాక్సు ముందు అతికిస్తే రిమోట్ సంకేతాన్ని తీగ ద్వారా లోపలికి చేరవేస్తుంది. దీనితోపాటు టీవీ సెట్టింగుల్లో ఒకే రిమోట్‌తో అన్నిటినీ నడిపే సదుపాయం ఉందేమో చూడండి. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి. అది పనిచేస్తే టీవీ వేయగానే సౌండ్‌బార్ తానే మేలుకుంటుంది, మీ అత్తగారికి ఒక రిమోట్ తగ్గుతుంది.

అల్మారా లోపల పొడిగింపు బోర్డులు ఒకదానికొకటి తగిలించే పద్ధతి వద్దు. అక్కడే ఆరు సాకెట్లు గోడకు పెట్టించి, వాటన్నిటికీ కలిపి ఒక స్విచ్చును బయట చేతికందే చోట ఉంచండి. రౌటర్‌కు మాత్రం వేరే స్విచ్చు ఉంటే రాత్రి మిగతావన్నీ ఆపి పడుకోవచ్చు. వాస్తు ప్రకారం టీవీ ఏ మూలన ఉండాలో మీరు అడగలేదు, నేనూ చెప్పబోవడం లేదు.

పని క్రమం ఇలా పెట్టుకోండి. ముందు పాత వార్తాపత్రికలను 90 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. ఎత్తున అతికించి, పలకలు తెరిచినప్పుడు నిలిచే చోట గోడకు టేపుతో అంటించండి. వాటి కిందికి స్విచ్‌బోర్డు గాని, గడియారం గాని, తలుపు రెక్క గాని వస్తుందేమో రెండు రోజులు చూడండి. స్విచ్‌బోర్డు వస్తే దాన్ని పక్కకు జరిపించడమే మొదటి పని. తరువాత అల్మారా, బోలు, తీగలు పూర్తి చేయించి, పెట్టెలన్నీ లోపలికి చేర్చి కొన్ని వారాలు అలాగే ఉండండి. గోడ ముందు ఇప్పుడున్న గందరగోళం పోయాక తెర అంతగా ఇబ్బంది పెట్టడం లేదని మీకే అనిపించవచ్చు, అప్పుడు పలకల ఖర్చు మిగిలినట్టే. అయినా పలకలు కావాలనుకుంటే పట్టా బిగించే ఏర్పాటు సిద్ధంగానే ఉంటుంది. అందుకే పట్టా వచ్చే చోట రన్నరును మొదటే గట్టిగా కొట్టించమంటున్నాను. వానాకాలంలో పాలిష్ ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి, దసరాకు సిద్ధం కావాలంటే చెక్కపని శ్రావణంలోపే ముగించుకోండి.

కొలువు నాటికి పలకలు మూసి, మెట్లను అల్మారా ముందే అమర్చుకోవచ్చు. ఇక్కత్ నేపథ్యం బొమ్మలకు అందంగానే ఉంటుంది. మెట్లకు, పేము తలుపులకు మధ్య ఒక జానెడు ఎడం వదలండి, రౌటర్ తొమ్మిది రోజులూ నడుస్తూనే ఉంటుంది గనుక దానికి గాలి కావాలి. మెట్ల మీద పరిచిన చీర కుచ్చిళ్లు ఆ అల్లిక మీద పడకుండా చూసుకోండి. దీపాలను కింది మెట్టు మీద కాక పక్కన పీట మీద పెట్టండి, వెనక ఉన్నది బట్ట. ఆ తొమ్మిది రోజులూ మీ అత్తగారి సీరియళ్లకు పడకగదిలో ఒక ట్యాబో, చిన్న టీవీయో ఏర్పాటు చేయడం గురించి మాత్రం ఆమెతో ముందుగానే మాట్లాడండి. మీవారి క్రికెట్ గురించి కూడా.